దూది కొరికిన గంటసేపు

జమ్ములమ్మ దవడపన్ను పీకి, డాక్టరు ఆ గుంతలో దూది పెట్టాడు. గంటసేపు దాన్ని గట్టిగా కొరికిపట్టాలని, నోరు తెరిస్తే నెత్తురు ఆగదని చెప్పి ఇంటికి పంపాడు.

జమ్ములమ్మ నోరు మూతపడటం గద్వాలలోని ఆ వాడకట్టుకు కొత్త. చూడటానికి ఆడవాళ్లంతా వచ్చారు.

కోడలు సాయిశ్రీ అందరికీ చాయ్ పోసింది.

"సోమవారం నుంచి నేను డిగ్రీ కాలేజీకి పోత. మా అత్తనే పొమ్మన్నది" అంది.

"కోడలు కాలేజీకి పోతే మగ్గానికి నూలు కండెలెవరు చుట్టాలె అని మొన్ననే గదా లొల్లి వెట్టినవ్, అక్కా?" అంది పక్కింటామె.

జమ్ములమ్మ ఉరిమి చూసి, చేయి గట్టిగా విసిరింది.

"చూసిండ్రా? నువ్వు పో, నేనే చుట్టుకుంట అంటుంది" అంది సాయిశ్రీ.

"గిసోంటి అత్త ఏ ఇంట్ల లేదు" అని అందరూ దండం పెట్టి మరీ వెళ్లారు.

గంట కాగానే జమ్ములమ్మ దూది తీసేసింది. అప్పటికే వాడకట్టంతా ఆమెను మెచ్చుకుంటోంది. ఇప్పుడు కాదంటే పరువు పోతుంది.

"వాళ్లను ఎవరు పిలిచిండ్రే?"

"నేనే పిలిచిన అత్తా. జర మెల్లగ మాట్లాడు. వచ్చే వారం ఇంకో పన్ను పీకాలన్నడు డాక్టరు. నువ్వు నాకు కొనిచ్చే స్కూటీ సంగతి ఆ రోజు వాళ్లకు చెప్త."