పందొమ్మిదో తారీఖు ఫైలు

"ఫైలొకటి తగ్గిందేంటమ్మాయ్? మీ నాన్నకి మనం ఇచ్చిన హెచ్చరిక లేఖ ఏది?" అన్నారు మేనేజరు గారు, నా కుర్చీ వెనక నిలబడి.

పదిహేనో తారీఖున ఫ్యాక్టరీలో బాయిలరు పేలి నాన్న పోయాడు. ఆయన బదులు నాకు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. విచారణ వాళ్లు ఆ రోజు వరకున్న ఫైళ్లన్నీ కావాలన్నారు. పదిహేను వరకు తారీఖున్న ఫైళ్లని ఏరి ఒకేసారి కాపీ చేసే చిన్న ప్రోగ్రాము, బ్యాచ్ స్క్రిప్టు, రాసి నడిపాను.

"అలాంటి లేఖ ఉందని తెలీదండీ."

"తాగి పనికి రావద్దని రెండో తారీఖునే రాశాం. వెతుకు."

దొరికింది. లేఖలో రెండో తారీఖే ఉంది. కంప్యూటర్లో ఆ ఫైలు రాసిన తారీఖు మాత్రం పందొమ్మిది. అప్పటికి నాన్నని మట్టి చేసి మూడు రోజులైంది.

"మా నాన్న తాగడండీ."

"పోయినవాడికి పేరుతో పనేంటే పిచ్చిదానా? మీ అమ్మకి నువ్వేగా దిక్కు! స్క్రిప్టులో ఇరవయ్యో తారీఖు వెయ్యి, అదీ వచ్చేస్తుంది."

వేశాను. వచ్చింది. ఆయన పెన్‌డ్రైవు జేబులో వేసుకుని, "చూశావా, ఎంతసేపు పని!" అని నవ్వుతూ వెళ్లారు.

కాపీ చేస్తే కొత్త తారీఖు పడుతుందని ఆయన అనుకుని ఉంటారు; ఫైలు రాసిన తారీఖు మారదు. విచారణ వాళ్లు తెరవగానే పందొమ్మిది కనిపిస్తుంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఉద్యోగం పోతుందని అమ్మకి ఎలా చెప్పాలో ఆలోచిస్తూ కంప్యూటరు ఆపాను.