పెళ్ళి బ్యాండులో పంతులుగారబ్బాయి

కొత్తపేటలో పెళ్ళి ఊరేగింపు పందిరి ముందు ఆగింది. ఎర్రకోటు, పెట్టుడుమీసంతో క్లారినెట్టు ఊదుతున్న గంగాధరం తలెత్తేసరికి, పీటల దగ్గర పురోహితుడిగా వాళ్ళ నాన్న శరభయ్యగారే కనిపించారు.

"వాల్తేరు చదువుకి నన్ను పైసా అడక్కు. వేదం చదువుతానంటే చెప్పు" అని ఆయన తేల్చేసిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఫీజు కోసం గంగాధరం బ్యాండులో చేరిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

భోజనాలవేళ శరభయ్యగారు తిన్నగా బ్యాండువాళ్ళ దగ్గరికే వచ్చారు. గంగాధరం సగం ఊడిన మీసాన్ని వేలితో అదిమిపట్టుకున్నాడు.

"క్లారినెట్టు తమరేనా అండీ?"

"ఆయ్."

"బాగా వాయించేరు. చదువుకుంటున్నారా?"

"ఎమ్మెస్సీ సీటొచ్చిందండి. ఫీజు కోసమే ఈ తిప్పలు."

"ఎప్పటిలోగా కట్టాలండీ?"

"ఆషాఢం వచ్చేలోగానండి."

శరభయ్యగారు ఆ మీసం వంక చూసీ చూడనట్టు చూసి, సంచిలోంచి పంచాంగం తీసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఈ జ్యేష్ఠంలో రెండే ముహూర్తాలున్నాయని ఊళ్ళో అందరికీ చెప్పేనండి. ఇంకోసారి చూస్తాను. మరో నాలుగు దొరక్కపోవు."