ఉందా లేదా అన్నంత గులాబీ

“గులాబీ అంటే బబుల్‌గమ్ రంగు కాదు, విన్నారా? ఉందా లేదా అన్నంత లేత గులాబీ,” అంది కెమిస్ట్రీ మేడమ్ వందోసారి. “కింద ఫ్లాస్కులో ఆమ్లం, పైన బ్యూరెట్‌లో క్షారం. ఆమ్లంలో రెండు చుక్కలు ఇండికేటర్ వేస్తారు. అది చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, కంగారు పడొద్దు. ఆమ్లమంతా ఖర్చయ్యాక ఒక్క చుక్క క్షారం ఎక్కువ పడిందా, రంగు తేలుతుంది. అక్కడ ఆపెయ్యాలి. ముదిరిందంటే మీ మార్కులు గోవిందా!”

“అంత లేత రంగు కనిపించకపోతే ఎలా మేడమ్?” వెనక బెంచీ మొనగాడు అడిగాడు.

“కళ్లున్నవాళ్లకి కనిపిస్తుంది,” అని ఠపీమని అనేసి, మేడమ్ నాలుక కరుచుకుంది.

నెల రోజులుగా ఆవిడ భయమంతా తన కళ్ల గురించే. ఆ పొద్దున గుమ్మం దాటబోతుంటే కూతురు పట్టేసింది. “అమ్మా, ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి నీలం చెప్పు! ఇవాళైనా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తావా?” అంటే, “హడావుడిలో చూసుకోలేదే,” అని బుకాయించింది. బుకాయించింది కానీ గుండెల్లో రాయి పడింది. రంగులు కనిపించని కెమిస్ట్రీ టీచర్‌ని ఎవరు ఉంచుకుంటారు? ప్రిన్సిపాల్ తీసుకెళ్లి లైబ్రరీలో కూర్చోబెడతాడు. ఇరవై రెండేళ్లు ఈ ల్యాబే లోకంగా బతికిన మనిషి, ఇక పుస్తకాల దుమ్ము దులుపుకుంటూ రిటైరవ్వాలి.

సింక్ దగ్గర అటెండర్ బాబాయ్ ఇండికేటర్ సీసాలతో కుస్తీ పడుతున్నాడు. చిటికెన వేలంత సీసాలు, ఒక్కోదాన్నీ కడిగి, డిస్టిల్డ్ వాటర్ పోసి, గిలకరించి, వరసగా నిలబెడుతున్నాడు.

“బాబాయ్, వచ్చే ఎగ్జామినర్ గారికి నడుం నొప్పిట. చేతుల కుర్చీ ఒకటి పట్టుకురా. ఇవి నేను సర్దుకుంటాలే.”

బాబాయ్ పిలిస్తే పలికే మనిషి. ఎంత చప్పున పలుకుతాడంటే, చేతిలో ఏముంటే అది జేబులో పడేసుకుని పరుగెత్తుతాడు. ఒకసారి థర్మామీటర్‌తో వారం రోజులు తిరిగాడు. ఇప్పుడూ అలాగే తుర్రుమన్నాడు. నిండుగా ఉన్న చిన్న సీసాలను మేడమే ఒక్కో బల్ల మీదా ఒకటి పెట్టింది.

కుర్చీ కంటే ముందు ఎగ్జామినర్ వచ్చాడు. “ముప్ఫై ఏళ్లుగా ఎండ్ పాయింట్లు చూస్తున్నానమ్మా. నా కంటికి అర చుక్క కూడా తప్పదు,” అంటూ నడుం పట్టుకుని నిలబడే పరీక్ష మొదలుపెట్టించాడు.

పావుగంట గడిచింది. క్లాస్ ఫస్ట్ అమ్మాయి ఫ్లాస్కును తెల్ల కాగితం మీద పెట్టింది, ఎత్తింది, మళ్లీ దించింది. అటూ ఇటూ చూసి, ఉన్నట్టుండి, “వచ్చేసింది మేడమ్! పద్ధెనిమిదిన్నర!” అంది.

మేడమ్ వంగి చూసింది. మంచినీళ్లు. కళ్లు నులుముకుని చూసింది. అవే మంచినీళ్లు.

“కనిపిస్తోందా మేడమ్?” అమ్మాయి గొంతు వణికింది.

“ఎందుకు కనిపించదు! చక్కటి లేత గులాబీ,” అంది మేడమ్, అంతకంటే వణుకుతూ.

ఇక చూడండి, అంటువ్యాధిలా ప్రతి బల్లకీ వచ్చేసింది. నాకూ పద్ధెనిమిదిన్నర అంటే నాకూ పద్ధెనిమిదిన్నర. వెనక బెంచీ మొనగాడికైతే బ్యూరెట్ కుళాయి సరిగ్గా తిప్పకముందే వచ్చేసింది. ఇరవై మందికీ ఒకే రీడింగు!

“ఇదేదో తేల్చాలి. నేనే ఒకటి చేస్తాను,” అన్నాడు ఎగ్జామినర్. క్లాస్ ఫస్ట్ అమ్మాయి రికార్డు మీద మోచెయ్యి ఆనించి, అందులోకి ఓ చూపు విసిరి, చుక్కలు వదలడం మొదలుపెట్టాడు. పద్ధెనిమిదిన్నర దగ్గర ఆపాడు. ఫ్లాస్కును కిటికీకేసి ఎత్తి చాలాసేపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“అద్భుతం! ఇంత లేత గులాబీ నా సర్వీసులోనే చూడలేదు. మీరూ చూశారుగా మేడమ్?”

“చూశాను సార్.”

ఆ మాటతో ఆవిడ పని అయిపోయింది. ఇరవై మంది పిల్లలకి కనిపించింది, ముప్ఫై ఏళ్ల అనుభవానికి కనిపించింది, తనకొక్కదానికే కనిపించలేదు. ఎగ్జామినర్ అందరికీ ఫుల్ మార్కులు వేసి, “మీ ల్యాబ్ లాంటి ల్యాబ్ ఎక్కడా లేదు,” అని మెచ్చుకుని మరీ వెళ్లాడు. మేడమ్‌కి ఏడుపొచ్చింది.

అందరూ వెళ్లాక కాగితం తీసుకుంది. ‘నా కంటిచూపు ల్యాబ్ పనికి సరిపోవడం లేదు. నన్ను లైబ్రరీకి మార్చవలసిందిగా ప్రార్థన’ అని రాసి సంతకం పెట్టేసరికి ఓ కన్నీటి చుక్క దాని మీదే పడింది.

అప్పుడు దిగాడు బాబాయ్, నెత్తిన కుర్చీతో, రొప్పుతూ. “ఆఫీసులో లేదన్నారు, స్టాఫ్ రూములో ఇవ్వం పొమ్మన్నారు. ఆఖరికి ప్రిన్సిపాల్ గారి కాళ్లావేళ్లా పడి తెచ్చాను. ఎగ్జామినర్ గారేరి?”

“వెళ్లిపోయారు బాబాయ్. పరీక్ష అయిపోయింది.”

“అయిపోవడమేంటి మేడమ్?”

“అయిపోయింది, అంతే. ఈ కాగితం ప్రిన్సిపాల్ గారికి ఇచ్చిరా.” ల్యాబంతా ఒకసారి కలియజూసి మేడమ్ ముక్కు తుడుచుకుంది.

బాబాయ్ కాగితం మడిచి జేబులో పెట్టబోయాడు. లోపల ఏదో అడ్డం తగిలింది. తీసి చూసుకుని, బల్లల మీది ఫ్లాస్కుల వైపు చూసి, నోరు తెరిచాడు.

“మేడమ్, ఇండికేటర్ నా జేబులోనే ఉండిపోయింది.”