డాలు బొమ్మ

“ఛీ, మళ్ళీ వచ్చింది!”

తెర మూలనుంచి ఎర్ర పెట్టె ఒకటి లేచి ఆటను కప్పేసింది. దాని నెత్తిన ఒక డాలు బొమ్మ, కింద ‘మీరు ప్రమాదంలో ఉన్నారు’ అన్న హెచ్చరిక. ఆమె దాన్ని మూసేలోగా ఆటలో ఆమె బొమ్మను ఎవరో కాల్చి పారేశారు.

విసుగ్గా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసింది. మధ్యాహ్నం పళ్ళ ఆసుపత్రిలో తోటి రిసెప్షనిస్టు ‘నీకు నప్పుతాయే’ అంటూ బలవంతంగా చెవులకు తగిలించిన పచ్చ కమ్మలు దాని కింద నలిగి ఒకటే గుచ్చుకుంటున్నాయి. చెల్లెలికి ఫోటో పంపాలనుకుంది గానీ తీరిక ఏదీ? ఏడింటికి పోటీ. పొద్దస్తమానం పంటినొప్పుల మూలుగులు విని ఇల్లు చేరే మనిషికి ఈ ఆటే ఊపిరి. ఇవాళ కూడా మధ్యలో మాయమైతే జట్టులో ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని కెప్టెన్ ఖరాఖండిగా చెప్పేసింది.

ఫోన్ మోగింది. భర్త. ప్రాజెక్టు పని మీద వేరే ఊళ్ళో ఉంటున్నాడు. చుట్టూ జనం ఉంటారని వీడియో జోలికి పోడు, ఎప్పుడూ మాటలే. ఆమె స్పీకర్ నొక్కి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

“ఏం చేస్తున్నావ్? పక్కన ఎవరన్నా ఉన్నారా?”

“ఎవరుంటారండీ, ఈ దరిద్రం తప్ప! ఇంకో పావుగంటలో పోటీ. ఇది నన్ను ఆడనిచ్చేట్టు లేదు.”

“ఆ యాంటీవైరసేనా? మీ చెల్లెలి నిర్వాకం. ఇప్పుడేమంటోంది?”

“ఏమనట్లేదో అడగండి. ప్రింటర్ దొంగదట. కాలిక్యులేటర్‌నేమో ఇదే ఎత్తుకుపోయి ఎక్కడో బంధించింది. మీరు మానిటర్ మీద బిగించిన కెమెరాలోంచి ఎవరో తొంగిచూస్తుంటే ఆపిందట. మా జట్టు మాట్లాడుకునే ప్రోగ్రాం వైరసట! నిన్న కెప్టెన్‌తో మాట్లాడుతుంటే సగంలో నా గొంతు నొక్కేసింది. రోత పుడుతోందండీ.”

అతను పకపకా నవ్వాడు. “భయపెట్టి బతికే రకాలు. ఒక్క ముక్క కూడా నమ్మకు. తీసి పారేద్దాం, నేను చెప్తా, నువ్వు చెయ్.”

ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. ఈ కంప్యూటర్ ప్రతి భాగాన్నీ ఏరి కొని, స్వయంగా బిగించి ఇచ్చింది అతనే. అసలు అతనంత పట్టించుకునే మొగుడు ఎవరికుంటాడు? ఎక్కడో కూర్చుని ‘కాఫీ చల్లారిపోతోంది, తాగు’ అని గుర్తు చేసేవాడు. ‘తలనొప్పిగా ఉందా?’ అని ఆమె చెప్పకముందే అడిగేవాడు. ఎలా కనిపెడతారో ఏమో అని మురిసిపోతూ, పోయిన వారం వచ్చిన చెల్లెలికి అదంతా చెప్పింది. చెల్లెలు నవ్వలేదు సరికదా, మూతి ముడుచుకుని, ‘ఒక్కదానివే ఉంటావు, జాగ్రత్తక్కా’ అంటూ కంప్యూటర్ ముందు కూర్చుని ఈ పీడను అంటగట్టి పోయింది. ఓర్వలేనితనం కాకపోతే మరేమిటి? అప్పట్నుంచీ ఇంట్లో శాంతి లేదు. అతనికీ బెంగ పట్టుకున్నట్టుంది పాపం, ఊరికే ఫోన్ చేసి ఎక్కడున్నావ్, ఎవరున్నారని అడుగుతున్నాడు.

“తీసేయమని నొక్కాను. ఇదిగో, ఏడుపు మొహం పెట్టింది! ‘మమ్మల్ని వదిలి వెళ్తారా?’ అంటోంది.”

“వెళ్తానను.”

“ఎందుకు వెళ్తున్నారో కారణం చెప్పమంటోంది.”

“దాని మొహం. కింద చిన్న అక్షరాలతో ‘వద్దు’ అని ఉంటుంది, అది నొక్కు.”

నొక్కింది. పీడ విరగడైందనుకుని కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వెలిగిస్తే, డాలు బొమ్మ నవ్వుతూ ప్రత్యక్షమైంది. ‘తిరిగి వచ్చినందుకు ధన్యవాదాలు’ అట! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళమన్నా గుమ్మం పట్టుకుని వేలాడే చుట్టాన్ని చూసినట్టు చూసింది.

“సిగ్గూ శరం లేదండీ దీనికి! నా ఇంట్లో నా మీదే పెత్తనమా?”

“కంగారు పడకు. ఈసారి సేఫ్ మోడ్‌లో తెరువు. అందులో ముఖ్యమైనవే లేస్తాయి, అది లేవదు. అప్పుడు దాని ఫోల్డర్ మొత్తం తీసి పారెయ్.”

అతను ఒక్కో మెట్టూ ఓపిగ్గా చెప్పాడు. ఆమె తప్పు చోట నొక్కితే కసురుకోలేదు, మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. చివరికి డాలు బొమ్మతో సహా అంతా చెత్తబుట్టలో పడింది. ఆమె చెత్తబుట్టను కూడా ఖాళీ చేసి, చేతులు దులుపుకుని, కంప్యూటర్‌ను మామూలుగా వెలిగించింది.

ఎర్ర పెట్టె లేదు. ఆట జారుడుబల్ల మీద జారినట్టు తెరుచుకుంది. బల్ల మీది హెడ్‌ఫోన్‌లోంచి, ఆటలో ఆమెకున్న పేరుతో కెప్టెన్ కేక వినిపించింది. “వచ్చావా గండుచీమా! బతికించావు, నీ చోటు నీకే!”

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో!”

అవతల్నుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి.

“వింటున్నారా?”

“ఆఁ... ఉన్నాను. ఇప్పటికి ప్రాణం కుదుటపడింది.”

“మీకంటే నాకే ఎక్కువ కుదుటపడింది లెండి. ఉంటానండీ, మొదలవుతోంది.” హెడ్‌ఫోన్ అందుకుని తలకు పెట్టుకోబోయింది.

“ఒక్క మాట.”

“చెప్పండి.”

“ఆ పచ్చ కమ్మలు ఎవరిచ్చారు?”