కూడిక మీట

మొగుడు వరహాలరావు సర్వేకి వాడిన క్యాలిక్యులేటర్‌ను ఆఫీసువాళ్లు రేపు పట్టుకుపోతారు. అందుకే అరకు క్వార్టర్లో దీపం పెట్టగానే రత్నాలు దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

దానికి ‘సమానం’ మీట లేదు; రెండు సంఖ్యలూ కొట్టాకే కూడిక మీట నొక్కాలి. “ముందు ఇద్దర్నీ లోపలికి పిలవాలే గుంటా, ఆ తరవాతే కలపమని సెప్పాలి,” అనేవాడు మొగుడు. ఏటా ఆమె పుట్టినరోజున అదే వాళ్ల ఆట. ఆమె తన వయసు కొట్టి ‘ఎంటర్’ నొక్కేది. అతను తన వయసు కొట్టి కూడిక మీట నొక్కేవాడు. నిరుడు ఆ ఆట ఆడిన వారానికే ఘాట్ రోడ్డు మీద కొండచరియ అతన్ని మింగేసింది. అప్పటికి అతనికి ముప్పై నాలుగు.

ఇవాళ మళ్లీ పుట్టినరోజు. రత్నాలు ఇరవై తొమ్మిది కొట్టి, ఎంటర్ నొక్కి, దాన్ని పీట మీద పెట్టి, పొంగుతున్న పాలు దించడానికి లేచింది. వెనక నుంచి, గదిలో మీటలు టిక్కు టిక్కుమన్నాయి. వీధి తలుపు గడియ వేసే ఉంది.

వచ్చి చూస్తే ఎర్రటి అంకెల్లో అరవై నాలుగు. అరవై మూడు కదా రావాలి? వేళ్ల మీద లెక్కేసుకుంది: తన ఇరవై తొమ్మిదీ తీసేస్తే ముప్పై ఐదు. ముప్పై నాలుగు దగ్గరే ఆగిపోయాడనుకున్న మనిషికి ఈ ఏడూ వయసు పెరిగింది.

కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ముసిలోడివైపోతన్నావు బావా. రేపొచ్చేవోళ్లకి దీన్నెలా ఇచ్చీమంటావు?”

ఆమె చూస్తుండగానే, ఏ వేలూ తగలకుండానే, కూడిక మీట మెల్లగా కిందికి దిగింది.