కథ వినడానికొచ్చిన పెద్దాయన

“ఒక మాట చెప్పనా? ఇంటర్వెల్ దగ్గర నా గుండె ఆగినంత పనయింది” అన్నాడు పెద్దాయన, సోఫాలో ముందుకు జరిగి.

కథ చెబుతున్న అతను గటగటా మంచినీళ్ళు తాగాడు. గొంతు పూడుకుపోయింది. సెకండాఫ్ ఇంకా చెప్పాలి. కిటికీ పక్కన మంచం మీద అతని తండ్రి కళ్ళు మూసుకుని వింటున్నాడు. కళ్ళు తెరిచినా మూసినా ఆయనకి ఒకటే, చూపు పోయి చాలాకాలమైంది. జీవితమంతా సినిమాహాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషికి ఇప్పుడు మిగిలింది చెవులే.

“ఇక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి” అని డాక్టరు అన్న దగ్గర్నుంచి ముసలాయనకి ఒకటే ధ్యాస. “నీ బొమ్మ మళ్ళీ ఎప్పుడు పడుతుందిరా? ఎవడో ఒకడు సరే అన్నాడని ఈ చెవుల్తో వింటే చాలు, హాయిగా పోతాను” అంటాడు.

ఆ ‘సరే’ కోసమే అతను ఇన్నేళ్ళూ చెప్పులరిగేలా తిరిగాడు. మొదట ఒక పేరున్న రచయిత దగ్గర చేరి, ఆ రచయిత పేరుతో వచ్చే సీరియల్‌కి డైలాగులన్నీ తనే రాశాడు. తర్వాత సొంత పేరుతో ఒక సీరియల్ మొదలుపెడితే, హీరోయిన్ అలిగి వెళ్ళిపోయి అది సగంలో ఆగింది. చివరికి ఎవడి దయా అక్కర్లేదని తనే రాసి, తనే నిర్మాతై ఒక సినిమా తీశాడు. దానికి హాలు దొరకలేదు. తండ్రి వెళ్ళి యజమాని కాళ్ళావేళ్ళా పడితే ఉదయం ఆట ఒక్కటి ఇచ్చారు. ఖాళీ కుర్చీలకి ఆ బొమ్మ వేసింది తండ్రే.

ఆట అయ్యాక మెట్లు దిగి వచ్చి, “బొమ్మ బాగుందిరా. కానీ దొంగా, డాక్టరూ, పెళ్ళికూతురూ అందరూ నీలాగే మాట్లాడతారేంట్రా?” అన్నాడు. ఆ ఖాళీ హాల్లో తండ్రీకొడుకులిద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఆ హాలు తర్వాత గోడౌన్ అయిపోయింది. అతను మాత్రం ‘రచయిత, నిర్మాత’ అని అచ్చేసిన కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. ప్రాణం పెట్టి కథ చెబుతుంటే అవతలివాళ్ళు ఫోన్ చూసుకుంటారు. అయ్యాక “చూద్దాం” అంటారు. ఆ చూద్దాం విని విని అతనికి కథల మీదే కాదు, బతుకు మీదే విరక్తి పుట్టింది.

ఈ పెద్దాయన మాత్రం ఒక్కసారి కూడా ఫోన్ తియ్యలేదు.

వంటింటి గుమ్మంలోంచి భార్య సైగ చేస్తే, అతను ఇప్పుడే వస్తానని లోపలికెళ్ళాడు.

“ఏమండీ, ఈయన్ని ఎక్కడో చూసినట్టుంది.”

“టీవీ మనిషి కదా, టీవీలోనే చూసుంటావు.”

“అంత పెద్ద ఛానల్ ఆయన మనింటికి రావడమేంటండీ? వాళ్ళ గుమ్మాల్లో పడిగాపులు కాసేది మనం కదా!”

“ఒక మాట చెప్పనా? నాన్న సంగతి చెబితే ఆయనే వస్తానన్నాడు. లోకంలో మంచివాళ్ళు కూడా ఉంటారు. టీ తీసుకురా.”

సెకండాఫ్ చెప్పాడు. చెప్పడం కాదు, ఆడాడు. చివరి సీనులో నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుండిపోయాడు. పెద్దాయన అతని మొహం వంకే చూస్తున్నాడు. కథ చెప్పినతని పెదాలు సన్నగా కదిలాయి.

“చెప్పండి సార్” అన్నాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “ఒక మాట చెప్పనా? ఈ కథని విన్నవాడు మర్చిపోవచ్చు. ఈ కథ మాత్రం విన్నవాణ్ణి మర్చిపోదు. మనం చేస్తున్నాం.”

భార్య టీ కప్పులు బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ జోడించింది.

పెద్దాయన లేచి మంచం దగ్గరికెళ్ళి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

“నిజంగా తీస్తారా బాబూ?”

పెద్దాయన ఒకసారి కొడుకు వంక చూశాడు. “తీస్తాం” అన్నాడు.

అతను ఆయన్ని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చేసరికి, భార్య ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

“మా అన్నయ్యకి చెప్పనా? టైల్స్ కొట్లో కూర్చోమని మిమ్మల్ని ఎన్నెన్ని మాటలన్నాడు!”

“వద్దు. ముందు సంతకాలు కానీ.”

“ఇన్నాళ్ళకి మంచి కబురు వింటే ఆ మొహమేంటండీ?”

“అలిసిపోయాను” అన్నాడు. నిజంగానే అతని మనసులో సంతోషం ఏ మూలా లేదు. గోడకి చేరగిలబడి బావురుమని ఏడవాలనిపించింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట వింటే ఎవరికైనా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని, ఆమె కొంగుతో అతని కళ్ళు తుడిచి లోపలికెళ్ళింది.

“ఒరే, ఇలా రా” అన్నాడు తండ్రి.

వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. ముసలాయన చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని చెంప మీద ఆగింది.

“విన్నావా నాన్నా?”

“ఒక్క ముక్క పోకుండా విన్నాను.”

“చాలా?”

“చాలురా.” ముసలాయన నవ్వాడు, ఆనాడు ఖాళీ హాల్లో నవ్వినట్టే.

“ఆయన డైలాగులు కూడా నువ్వే రాశావు కదరా!”