ఉత్తుత్తి గొడవ

కుటుంబ కౌన్సెలింగ్ కోర్సులో ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. గొడవపడే జంటగా నటించడానికి మా మేడమ్ ఏటా సొంత భర్తనే వెంటబెట్టుకొస్తారు. మార్కులేసేదీ ఆవిడే. మధ్యలో నలిగే కౌన్సెలర్ వేషం నాది. నిరుడు ఇక్కడే తప్పాను.

"ఈవిడ నా మాట వినదండీ," అన్నారాయన, అచ్చం నిరుటి లాగే.

"ఎప్పుడు వినలేదూ? పొద్దస్తమానం వింటూనే ఉన్నాగా!" అన్నారు మేడమ్.

నేర్చుకున్న విద్యలన్నీ ప్రయోగించాను. కుర్చీలు ఎదురెదురుగా తిప్పించాను. ఒకరన్న మాట రెండోవారి చేత మళ్లీ చెప్పించాను. ఏం లాభం? ఆయన నోరు తెరిస్తే చాలు, మిగతా సగం మేడమే పూర్తి చేసేస్తారు. పైగా, "నన్ను ఆపాల్సింది నువ్వే కదమ్మాయ్!" అని నన్నే కసురుతారు.

నాకు ఒళ్లు మండింది.

"ఆగండి మేడమ్! ఆయన్ని ఒక్క ముక్క మాట్లాడనివ్వండి! సార్, చెప్పాలనుకున్నది ఆవిడకే చెప్పేయండి!"

ఈ ఏడూ నా పరీక్ష గంగలో కలిసిందనుకున్నాను.

ఆయన భార్య వైపు తిరిగారు.

"నాకు నటించడం రాదే. ఏ ఏడూ నటించలేదు."

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఏంటండీ ఇది? మనం అనుకున్నదాంట్లో ఈ మాట లేదుగా!"

"ఇంట్లో మొదలుపెడితే లేచి వెళ్లిపోతావు. ఇక్కడైతే, ఈ పిల్లలకి మార్కులెయ్యడానికైనా చివరిదాకా కూర్చుంటావని వస్తున్నా."